పక్షుల ఫొటోలకు లక్షన్నర లెన్స్ కొనాలా?

ఇప్పుడే వద్దండి. నాది కర్నూలు, మెడికల్ షాపు నడుపుతాను. ఆదివారమైతే షాపు తమ్ముడికి అప్పజెప్పి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ పి900 కెమెరా మెడలో వేసుకుని చెరువుల వెంట పడతాను. మీరు అడిగిన 150-600 జూమ్ లెన్స్ మంచిదే, కాదనను. కానీ మన సీమలో అసలు పేచీ ఎండతో. మార్చి వచ్చిందంటే పొద్దున తొమ్మిదికే నేల నుంచి సెగ లేస్తుంది. దూరాన ఉన్న పక్షి అల్లల్లాడుతూ కనిపిస్తుంది. ఎంత దూరం నుంచి లాగితే అంత సెగా ఫొటోలో పడుతుంది, లెన్స్ ఖరీదు ఎంతైనా సరే. ఈ ముక్క యూట్యూబ్‌లో ఎవరూ చెప్పరు, కింద కొనుగోలు లింకు పెట్టుకున్నాక ఎట్లా చెప్తారు?

పెద్ద లెన్స్ మనిషిని ఏం చేస్తుందో వీరాపురంలో చూశాను. హిందూపురం వైపు, చిలమత్తూరు మండలం. పాత అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ కొంగలు ఊరి మధ్యన చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. వీటిని సైబీరియా కొంగలంటారు చాలామంది. అవి సైబీరియా మొహమే ఎరగవు! మన దేశంలోనే తిరిగే పెయింటెడ్ స్టార్కులు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు.

మిట్టమధ్యాహ్నం. ఒక తల్లి కొంగ గూట్లో నిలబడి రెక్కలు సగం విప్పి పట్టుకుంది. కింద బూడిదరంగు పిల్లలు ఆ నీడలో నోళ్లు తెరుచుకుని ఒగరుస్తున్నాయి. ఎండ జరిగేకొద్దీ తనూ కొంచెం కొంచెం జరుగుతోంది. నా పక్కన బెంగళూరు నుంచి వచ్చినాయన ట్రైపాడ్ వేసి కూర్చున్నాడు. ఆయనకు ఎగిరే ఫొటో కావాలి. చప్పట్లు కొట్టాడు. అది కదల్లేదు. వంగి రాయి తీశాడు.

అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తున్న అవ్వ చేట పక్కన పడేసి లేచింది. "ఏమప్పా, కాన్పుకొచ్చిన ఆడబిడ్డను ఎండకు లేపుతావా? అది రెక్క తీస్తే పిల్లలు మాడిపోవూ?" అని గట్టిగా అరిచింది. ఇంకో ఇద్దరు బయటికొచ్చారు. ఆయన మాట్లాడకుండా రాయి కింద పెట్టి బ్యాగు సర్దుకున్నాడు. అన్ని లక్షల సామాను మోసుకొచ్చి, కళ్ల ముందున్న ఫొటోనే వదిలేశాడు. ఆ నీడ ఫొటో నా దగ్గర ఉంది.

ఇంకో గోల, 'లొకేషన్ ప్లీజ్' బ్యాచ్. కడప లంకమల వైపు కలివి కోడి ఎక్కడ దొరుకుతుందని నన్ను కూడా అడుగుతారు. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే జీవి. దాని వెనక టార్చీలు వేసుకుని పడితే ఏం బాగుపడుతుంది? రోళ్లపాడు పక్షుల అభయారణ్యానికి వెళ్లినవాళ్లదీ ఇదే వరస. బట్టమేక పిట్ట కనబడలేదని మధ్యాహ్నానికే తిరిగొచ్చేస్తారు. చలికాలం సాయంత్రం దాకా ఆగితే గడ్డిలో నిద్రకు దిగే హారియర్ గద్దల్ని చూసేవాళ్లు. మధ్య ఆసియా నుంచి వచ్చేవి అవి, కావాలంటే వాటి గురించి గొప్పలు చెప్పుకోండి.

మీరు మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి. కర్నూలు దగ్గరైతే గార్గేయపురం చెరువుంది. తెల్లారేసరికి గట్టు కింద కూర్చోవాలి, సూర్యుడు వీపు వెనక ఉండాలి. తెల్ల కొంగలకు ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేకపోతే ఈకలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. ఎగిరేవాటికి షట్టర్ స్పీడు 1/1600 సెకను కంటే నెమ్మది కానివ్వకండి. ఆ లక్షన్నర బ్యాంకులోనే ఉండనివ్వండి. ఏడాది తర్వాత కూడా ఆదివారం నాలుగింటికి అలారం మోగితే లేస్తూనే ఉంటే అప్పుడు అడగండి, ఏ లెన్స్ కొనాలో చెప్తాను.