స్టేక్‌హౌస్‌లో వైన్ లిస్టు నీ చేతికిస్తే

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆఫీసు అతిథులని స్టేక్‌హౌస్‌కి, అంటే గొడ్డుమాంసపు మందపాటి ముక్కలు (స్టేక్) కాల్చి పెట్టే రెస్టారెంటుకి, తీసుకెళ్తున్నావనీ, వైన్ చెప్పాల్సింది నువ్వేననీ రాశావు. ఏ వైన్ మంచిదో చెప్పమన్నావు. నేను పేరు రాసి పంపితే ఆ సీసా వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. అందుకని లిస్టు ఎలా చదవాలో, ఎలా అడగాలో రాస్తున్నాను.

సగం పని ఇంట్లోనే అయిపోవాలి. పెద్ద రెస్టారెంట్లు చాలావరకు వైన్ లిస్టుని తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. ముందురోజు రాత్రి తీసి చదువు. టేబుల్ దగ్గర నలభై పేజీల పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే అతిథులకి విసుగు, నీకు చెమటలు. ముందే చదివితే మూడు పేర్లు ఫోన్‌లో రాసుకుని వెళ్లొచ్చు.

చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఒక్కో లైన్‌లో ఏమేం రాశారన్నది. తయారీదారు పేరు, ప్రాంతం, పంట ఏడాది, ఈ మూడూ ఉండాలి. “కాబెర్నే సొవిన్యోన్, నాపా” అని ద్రాక్ష పేరూ ప్రాంతమూ రాసి వదిలేశారంటే ఏ సీసా వస్తుందో వాళ్లకే తెలీదన్నమాట. షాంపేన్‌కి మాత్రం ఏడాది లేకపోవడం తప్పు కాదు. చాలా షాంపేన్లు రకరకాల ఏళ్ల వైన్లు కలిపే చేస్తారు. లిస్టు లావు చూసి మాత్రం మోసపోకు. ఎనిమిది వందల పేర్లున్న లిస్టు కన్నా శ్రద్ధగా ఎంచిన అరవై పేర్ల లిస్టు నయం. తక్కువ ధరల వరుసలో కూడా నాలుగైదు ఆలోచించి పెట్టిన సీసాలున్నాయా, 375 మిల్లీలీటర్ల సగం సీసాలున్నాయా, పెద్దగా పేరులేని ప్రాంతాలకి చోటిచ్చారా చూడు. ఇవి ఉంటే ఆ లిస్టు వెనక ఒక మనిషి ఉన్నట్టు.

ఇక ధర. నీకు బయట ధర తెలిసిన సీసాలు రెండు మూడు పట్టుకుని, లిస్టులో ఎన్ని రెట్లు వేశారో లెక్క కట్టు. దుకాణం ధరకి రెండు నుంచి మూడు రెట్లు మామూలే. నాలుగు దాటితే ఆ లిస్టులో తక్కువ ధరల వరుసల జోలికి పోకు. సాధారణంగా చవక సీసాల మీదే రెట్లు ఎక్కువ, ఖరీదైన వాటి మీద తక్కువ వేస్తారు. గ్లాసు లెక్కన అమ్మేది ఇంకా ప్రియం. చాలా చోట్ల ఒక్క గ్లాసు ధరతోనే రెస్టారెంటు ఆ సీసాకి పెట్టిన ఖర్చు తిరిగొచ్చేస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి కాబట్టి, ఒకే వైన్ ముగ్గురు నలుగురు తాగేట్టుంటే సీసాయే తెప్పించు. గ్లాసు తీసుకోక తప్పకపోతే “ఈ సీసా ఎప్పుడు తెరిచారు?” అని అడుగు. నిన్ననో మొన్ననో అంటే, కొంచెం రుచి చూశాకే ఒప్పుకో.

స్టేక్‌హౌస్ లిస్టులో లావుపాటి భాగం కాలిఫోర్నియాలోని నాపా లోయ కాబెర్నేదే. 1976లో పారిస్‌లో కళ్లకి పేరు కనపడకుండా జరిపిన రుచిపోటీలో కాలిఫోర్నియా వైన్లు ఫ్రెంచివాటిని దాటాక ఆ పేరు ప్రపంచమంతా పాకింది. వైన్ మంచిదే. కానీ అందరి చూపూ ఆ పేజీ మీదే ఉంటుందని ధర వేసేవాళ్లకీ తెలుసు. అందుకే పక్క పేజీలు తిప్పమంటాను. అదే ద్రాక్ష వాషింగ్టన్ రాష్ట్రం నుంచో చిలీ నుంచో వస్తే ధర బాగా దిగుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పెద్ద పేర్లు వదిలేసి ఫ్రాన్సాక్, లలాండ్ ద పొమెరోల్ అనే ప్రాంతాల వైన్లు చూడు. ఫ్రాన్స్‌లోనే రోన్ లోయలో ఎర్మిటాజ్ బదులు క్రోజ్ ఎర్మిటాజ్, సాన్ జోసెఫ్ చూడు. అర్జెంటీనా మాల్బెక్ ద్రాక్ష వైన్ ఎలాగూ గొడ్డుమాంసం పక్కనే పెరిగింది. నా వరకు స్టేక్‌హౌస్‌లో అన్నిటికన్నా గిట్టుబాటయ్యేది స్పెయిన్‌లోని రియోహా వైన్. అక్కడ రిసెర్వా అంటే కనీసం 3 ఏళ్లు, గ్రాన్ రిసెర్వా అంటే 5 ఏళ్లు ఆగాకే అమ్మకానికి వస్తుంది. అంటే ఇంట్లో దాచిపెట్టే పని వాళ్లే చేసి పంపుతారు.

పంట ఏడాదిని పట్టుకుని బుర్ర పాడుచేసుకోవద్దు. మంచి తయారీదారు చెడ్డ ఏడాదిలో కూడా తాగదగ్గదే చేస్తాడు. రెండు మాత్రం గుర్తుంచుకో. బోర్డోలో 2013 బలహీనమైన పంట. నాపాలో 2020లో కార్చిచ్చుల పొగ ద్రాక్షకి పట్టి, కొందరు ఆ ఏడాది ఎర్ర వైనే చెయ్యలేదు. ఆ ఏడాది సీసా కనిపిస్తే అడక్కుండా తీసుకోకు.

ఇప్పుడు మాంసం దగ్గరికొద్దాం. ఇది తెలిస్తే సగం లిస్టు దానంతటదే పక్కకి పోతుంది. ఎర్ర వైన్‌లో వగరు టానిన్ వల్ల వస్తుంది. చిక్కటి టీ తాగినప్పుడు నాలుక పిడచకట్టుకుపోతుందే, అదే. లాలాజలంలోని ప్రొటీన్లని టానిన్ పట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. నోట్లో కొవ్వూ మాంసం ప్రొటీనూ ఉంటే ఆ పట్టు సడలుతుంది, ఉప్పు చేదుని అణుస్తుంది. అందుకే ఉత్త నోటితో తాగితే గీరుకుపోయే కాబెర్నే, కొవ్వు నిండిన రిబై అనే కోత ముక్కతో మెత్తగా దిగుతుంది. ఫిలే అనే కోత సంగతి వేరు. అందులో కొవ్వు తక్కువ, రుచి సున్నితం. దాని పక్కన కుర్ర కాబెర్నే పెడితే మాంసం రుచే తెలీదు. ఫిలేకి పినో న్వార్ లేదా మెర్లో ద్రాక్షల వైనో, పదేళ్లు దాటిన బోర్డోనో చెప్పు. స్ట్రిప్ అనే కోత ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, దేనితోనైనా సర్దుకుపోతుంది. వారాల తరబడి ఆరబెట్టిన డ్రై ఏజ్డ్ మాంసానికి వయసొచ్చిన వైనే జోడు. రియోహా గ్రాన్ రిసెర్వా, ఇటలీ బరోలో అక్కడ బాగుంటాయి. మిరియాల సాస్ ఉంటే సిరా అనే ద్రాక్ష వైన్ తీసుకో. మిరియాల వాసనకి కారణమైన పదార్థం, రోటండోన్, సిరా ద్రాక్షలో కూడా ఉంటుంది.

జనం మరిచిపోయేది ఉడుకు సంగతి. లోపలిదాకా పూర్తిగా కాల్చమని (వెల్ డన్) అడిగేవాళ్లుంటే మాంసంలో రసం, కరిగే కొవ్వు తగ్గిపోతాయి, వగరు వైన్ ఇంకా వగరెక్కుతుంది. బాగా మాడ్చిన స్టేక్ మీది చేదు కూడా టానిన్ చేదుతో కలిసి రెట్టింపవుతుంది. అలాంటివాళ్లు ఎక్కువగా ఉంటే పండురుచి ముందుకొచ్చే మాల్బెక్ తెప్పించు. కారం సాస్ ఉంటే 15 శాతం ఆల్కహాల్ వైన్ వద్దు, నోరు మండుతుంది.

సొమెలియే, అంటే రెస్టారెంటులో వైన్ సంగతులు చూసే మనిషి, వస్తే బెదిరిపోకు. ఆ మనిషి లిస్టు రాసినవాడో, రోజూ దాన్ని మోసేవాడో. మూడు ముక్కలు చెప్పు చాలు: ఏం తింటున్నారు, ఎలాంటి రుచి కావాలి, ఎంతలో. అతిథుల ముందు ధర నోటితో అనక్కర్లేదు. లిస్టులో ఒక ధర మీద వేలు పెట్టి, “ఇలాంటిదేదైనా చెప్పండి” అను. అతనికి అర్థమవుతుంది. అంతకన్నా బాగా పైన ఉన్నది చూపిస్తే, “దీని చుట్టుపక్కలే” అని అదే చోట మళ్లీ వేలు పెట్టు. “ఈ లిస్టులో మీకు ఇష్టమైనదేంటి, ఎవరూ అడగనిదేంటి?” అన్న ప్రశ్నకి చాలాసార్లు మంచి సీసా దొరుకుతుంది.

ఎంత తెప్పించాలంటే, తాగేవాళ్లకి తలా సగం సీసా లెక్క. ఆరుగురుంటే స్టార్టర్లతో ఒక తెల్ల సీసా, స్టేక్‌తో రెండు ఎర్రవి. ఆయిస్టర్లు, రొయ్యలు వస్తే షబ్లీ అనే తెల్ల వైనో, షాంపేనో చెప్పు. ఎర్రది కూడా అప్పుడే చెప్పెయ్యి. కుర్ర కాబెర్నే, బరోలో లాంటివి డికాంటర్ అనే గాజుకూజాలో పోసి గంట ఉంచితే వగరు సర్దుకుంటుంది. స్టేక్ వచ్చాక చెబితే ఆ గంట దొరకదు. ఇరవై ముప్పై ఏళ్ల పాత సీసాకి మాత్రం ఇది విషం. దాన్ని అడుగుమడ్డి వేరుచెయ్యడానికి మాత్రమే, తాగే ముందు, నెమ్మదిగా వంచాలి. ఎక్కువసేపు గాలి తగిలితే వాసన ఎగిరిపోతుంది.

సీసా తెచ్చి చూపిస్తారు. ఊరికే తలూపకు, చదువు. తయారీదారు, ప్రాంతం, ఏడాది మూడూ లిస్టులో ఉన్నట్టే ఉన్నాయా? ఎక్కువసార్లు తేడా వచ్చేది ఏడాదిలోనే. 2016 రాసి 2019 తెస్తారు. తెరవకముందే చెప్పాలి. కార్క్ నీ ముందు పెడితే వాసన చూడక్కర్లేదు, దాంతో పెద్దగా తెలిసేదేమీ లేదు. పక్కలంట వైన్ పైదాకా కారిన మరకుంటే సీసాకి వేడి తగిలిందేమోనని అనుమానించు.

తర్వాత నీ గ్లాసులో ఒక గుక్కెడు పోస్తారు. అది నీకు నచ్చిందా లేదా అని అడగడం కాదు, చెడిపోయిందేమో చూడమని. గ్లాసుని టేబుల్ మీదే రెండుసార్లు తిప్పి ముక్కు లోపలికి పెట్టు. తడిసిన అట్టపెట్టె వాసన, మూసేసిన నేలమాళిగ వాసన వస్తే కార్క్ దోషం. టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది. గాలి తగిలితే పోదు, ఇంకా బయటపడుతుంది. వెనిగర్, గోళ్లరంగు తుడిచే ద్రావణం ఘాటుగా కొట్టినా, కుర్ర వైన్ గోధుమరంగుకి తిరిగి వాడిన ఆపిల్ వాసనేసినా తిప్పి పంపొచ్చు. “ఇది సరిగ్గా లేదనిపిస్తోంది, మీరోసారి చూడండి” అంటే చాలు, వాదించక్కర్లేదు. బాగుంటే తలూపు.

ఎర్ర వైన్ 15 నుంచి 18 డిగ్రీల మధ్య బాగుంటుంది. స్టేక్‌హౌస్‌లలో తరచూ అంతకన్నా వెచ్చగా పోస్తారు, అప్పుడు ఆల్కహాలే ముక్కుకి తగులుతుంది. మొహమాటపడకుండా ఐసూ నీళ్లూ ఉన్న బకెట్ అడిగి పది నిమిషాలు పెట్టించు.

గ్లాసులు మూడోవంతుకి మించి నింపొద్దని ముందే చెప్పు. అడక్కుండా నింపుతూ పోతే స్టేక్ రాకముందే సీసా ఖాళీ, “ఇంకోటి తీసుకురమ్మంటారా?” అన్న ప్రశ్న. రెండో సీసా తెప్పిస్తే దాన్ని కూడా కొత్త గ్లాసులో రుచి చూసే పొయ్యమను. మొదటిది బాగుందని రెండోది బాగుండాలని లేదు. తాగనివాళ్లుంటే వాళ్ల పానీయం అందరికన్నా ముందు తెప్పించు, ఎందుకు తాగరని అడక్కు.

బిల్లు వచ్చాక వైన్ లైన్లు మాత్రం ఒకసారి చూసుకో. ఏడాది, సీసాల సంఖ్య, సొమెలియేకి వేలితో చూపి ఒప్పుకున్న ధర.

ఉంటాను తల్లీ,
పెదనాన్న