గ్యాంగ్‌స్టర్ పడిపోయిన రోజు ఊళ్లో ఏం జరిగింది? మా నాయన ప్లాటు సంగతి

పోలీసులు పట్టుబట్టి వెంటపడితే ఎంతటి గ్యాంగ్‌స్టరైనా చివరికి దొరకాల్సిందే కదా, దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి అని ఇక్కడ ఒకరు అడిగారు. మాది భోనగిరి. మ్యాపుల్లో, బస్సు బోర్డుల మీద భువనగిరి అని రాస్తారు కానీ మాకు భోనగిరే. 2016లో ఎన్‌కౌంటర్‌లో పోయిన గ్యాంగ్‌స్టర్ నయీంది మా ఊరే కాబట్టి ఈ ప్రశ్న కనిపించాక ఊరుకోలేకపోయాను.

ముందు ఒకటి. నేను నయీంను ఎన్నడూ చూడలేదు. మా బస్తీలో చూశామని చెప్పుకునేవాళ్లలో సగం మంది కూడా చూసి ఉండరని నా నమ్మకం. మా ఊళ్లో ఆ మనిషి లేడు, ఆ పేరు ఉండేది. 1999లో బెల్లి లలితక్కను చంపి 17 ముక్కలు చేసినప్పుడు నేను ఎనిమిదో తరగతి. స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ తెలంగాణ పాటలు పాడే మనిషి. ఆ హత్య గురించి మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు తలుపు దగ్గరికి వేసేవాళ్లు. నయీం పేరు నేను మొదటిసారి విన్నది అలా తలుపు వేసిన గదిలోనే.

ఇక ప్లాటు. మా నాయన ఆర్టీసీ కండక్టర్. పీఎఫ్‌లో కొంత తీసి, అమ్మ గాజులు కుదవపెట్టి 2004లో వరంగల్ రోడ్డు వైపు రెండొందల గజాలు కొన్నాడు. అప్పుడు అటు తుమ్మచెట్లు తప్ప ఏం లేవు. చుట్టూ కడీలు, అంటే రాతి స్తంభాలు పాతించి, రెండు వరసలు తీగ కట్టించాడు. మొత్తం 22 కడీలు. నెలకోసారి వెళ్లి, బస్సులో టికెట్లు లెక్కపెట్టినట్టు, వాటిని తాకుతూ లెక్కపెట్టుకుని వచ్చేవాడు. దస్తావేజు బీరువాలో పెట్టడు, పాత కండక్టర్ తోలు సంచిలో పెట్టి మంచం కింద దాస్తాడు. ఎందుకంటే, దొంగ వస్తే ముందు బీరువానే తెరుస్తాడట.

తెలంగాణ వచ్చి, యాదగిరిగుట్ట మీద గుడి పెద్దగా కడతారనగానే ఆ రోడ్డంతా వెంచర్లు లేచాయి. 2015 ఎండాకాలంలో ఒకరోజు నాయన వెళ్తే కడీలు లేవు. పక్క నాలుగు ప్లాట్లతో కలిపి రేకుల ప్రహరీ పెట్టి ఉంది. గేటుకు కొత్త తాళం. దాని ముందు కుర్చీ వేసుకుని ఒక బ్రోకర్. పేరు చెప్పను, ఇప్పటికీ మా సందు చివర్లోనే ఉంటాడు. "పెద్దాయనా, ఇది భాయ్ మనుషులు తీసుకున్నరు. నీ కాయితం నీ దగ్గరనే పెట్టుకో, ఇటు రాకు" అన్నాడట. భాయ్ అంటే నయీం. అంతే. కత్తి చూపలేదు, గొంతు కూడా పెంచలేదు. నాయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద పడుకున్నాడు. ఆ తర్వాత ఆ రోడ్డు మీదుగా వెళ్లే బస్సు ఎక్కితే కిటికీ పక్కన కూర్చునేవాడు కాదు.

ప్లాటు ఎవరి పేరున ఉందో చూద్దామని రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయించాను, అందులో మా పేరే ఉంది. ఠాణాకు వెళ్దామంటే నాయన వద్దన్నాడు. ఊళ్లో చాలామంది ఇళ్లలో మాట అదే. ఇక్కడో మాట చెప్పాలి. రిజిస్ట్రేషన్ అంటే భూమికి భద్రత అనుకుంటాం చూడండి, అంత పిచ్చి నమ్మకం ఇంకోటి లేదు. స్టాంపు డ్యూటీ పైసాతో సహా కట్టించుకుంటారు, రేపు ఎవడో రేకులు పాతితే సివిల్ కోర్టుకు పొమ్మంటారు. కోర్టులో మనవడి పెళ్లి దాకా నడుస్తుంది.

2016 ఆగస్టు 8, సోమవారం. ముందురోజు నాగుల పంచమి కావడంతో నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ ఆదివారమే గజ్వేల్‌లో ప్రధాని సభ, పోలీసులంతా అటే ఉన్నారనుకున్నాం. పొద్దున టీవీలో షాద్‌నగర్ అని, మిలీనియం టౌన్‌షిప్ అని, ఎన్‌కౌంటర్ అని వస్తోంది. చనిపోయింది నయీం అని ఖాయంగా చెప్పేదాకా నాయన చాయ్ కప్పు కింద పెట్టలేదు, తాగనూ లేదు. చెప్పాక లేచి తోలు సంచి తీసి భుజాన వేసుకుని "బండి తియ్‌రా" అన్నాడు.

ప్లాటు దగ్గరికి పోతే గేటు బార్లా తెరిచి ఉంది. తాళం లేదు, మనిషి లేడు, కుర్చీ మాత్రం ఉంది. లోపల మూలకు మా కడీలు కుప్ప వేసి ఉన్నాయి. నాయన లెక్కపెట్టాడు. 19. మూడు ఎవడు తీసుకుపోయాడని అక్కడే నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు. ఏడాది పాటు నోరు తెరవని మనిషి మూడు కడీల కోసం అంత తిట్టడం చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వారం తర్వాత బ్రోకరే ఇంటికొచ్చాడు. ఈసారి పెద్దాయన కాదు, "కాకా" అని పిలుపు. కూర్చోమనకముందే కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాడికి నయీం ముఠాతో ఏ సంబంధమూ లేదు. ఎవరో ఇద్దరు ముగ్గురు కలిసి ఆ పేరు చెప్పి పనికానిచ్చుకున్నారు. పేరును అద్దెకు తెచ్చుకున్నారన్నమాట, అదీ అద్దె కట్టకుండా. "నా పేరు మాత్రం సిట్‌కు ఇయ్యకు కాకా" అని చెయ్యి పట్టుకున్నాడు. నయీం కేసుల మీద ఐజీ నాగిరెడ్డి ఆధ్వర్యంలో సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు కదా, బాధితులు వచ్చి చెప్పుకోవచ్చన్నారు. నాయన పోలేదు. నయీం మీద రాయడానికి నయీం మాకేం చేశాడు?

ఇక మీ ప్రశ్న. 1993 జనవరి 27న ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. నక్సలైట్ల మీదికి పోయే పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను కట్టింది ఆయనే. అప్పట్లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌లో ఉన్న నయీం ఆ కేసులో ముద్దాయి. 23 ఏళ్ల తర్వాత నయీంను కాల్చింది కూడా గ్రేహౌండ్సే. వాట్సాప్‌లో దీన్ని పగ తీర్చుకున్న కథలా తిప్పారు. వినడానికి బాగుంటుంది. కానీ ఈ మధ్యలో వాడు దొరికాడు, జైల్లో ఉన్నాడు, బయటికొచ్చాడు. నక్సలైట్ల మీదికి పోలీసులు వాడిని వాడుకుంటున్నారని పౌరహక్కుల సంఘాలు ఎన్నేళ్లు మొత్తుకున్నాయి? 2017 మేలో వాడితో సంబంధాలున్నాయని అయిదుగురు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. వెంటాడిన పోలీసులూ ఉన్నారు, వాళ్లకు దండం. కానీ నన్నడిగితే వాడు పరుగులో ఓడిపోలేదు, అక్కరకు రాకుండా పోయాడు. దీనికి నా దగ్గర కాగితం లేదు, మా ఊరి హోటల్లో పదేళ్లు కూర్చుని చాయ్ తాగిన అనుభవం ఉంది.

కొత్తగా మూడు కడీలు కొని పాతించాం. పోయిన దసరాకు ఊరికి వెళ్తే ఆ బ్రోకరే హోటల్ ముందు కనిపించాడు. ఇప్పుడు వాడి ఫోన్ వెనక ఒక లీడర్‌తో దిగిన ఫొటో. "కాకా, ప్లాటు అమ్మేదుంటే చెప్పు, మనకు పైన మనుషులున్నరు" అన్నాడు. నేను నాయన చెయ్యి పట్టి లాగాను. నాయన కదలకుండా, గజం ఎంత నడుస్తుందిరా అని అడిగాడు.