ఒకే డోర్ నంబరు, రెండు గడపలు

ప్రశ్న: మాది కడప. నాకు 52 ఏళ్ళు. నాన్న కట్టిన ఇంటికి మధ్యలో గోడ పెట్టుకుని అన్న ముందు భాగంలో, నేను వెనక భాగంలో ఉంటున్నాం. మూడడుగుల సందు దగ్గర తగాదా వచ్చి ఆరేళ్ళుగా మాటల్లేవు. నాన్న తద్దినం కూడా ఎవరికి వాళ్ళమే పెట్టుకుంటున్నాం. ఈమధ్య బ్యాంకు నుంచి నాకు ఏటీఎం కార్డు స్పీడ్ పోస్టులో వస్తే, పోస్టుమ్యాన్ మా వదిన చేత సంతకం పెట్టించుకుని ఇచ్చేశాడు. ఆమె కొడుకుతో పంపింది. నేను చేత్తో తీసుకోలేదు, వాడు కిటికీలో పెట్టిపోయాడు. కవరు మీద పసుపు మరకలు! తెరిచి చూశారేమోనని అనుమానం. మర్నాడు వీధిలో పోస్టుమ్యాన్‌ను నిలదీస్తే ‘ఇద్దరిదీ ఒకటే నంబరు గదా సార్’ అన్నాడు. నలుగురిలో నాలుగు మాటలన్నాను. దసరా మామూలు కూడా ఇవ్వలేదు. అప్పట్నుంచి సందులోకి రాడు, గేటు దగ్గరే బండి హారన్ కొడతాడు. ఫిర్యాదు రాసి ఉంచాను. ఎవరికి పంపితే గట్టి చర్య ఉంటుంది?

జవాబు: మీరడిగింది ముందు తేల్చేద్దాం. ఫిర్యాదు మీ పోస్టాఫీసులో పోస్టుమాస్టరుకు ఇవ్వచ్చు. ఇచ్చినా నిలబడుతుందని నేననుకోను. స్పీడ్ పోస్టు చిరునామాను బట్టి ఇచ్చేది, మనిషిని బట్టి కాదు. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి అందులోనే కలిపేశారు. కచ్చితంగా మీ చేతికే ఇవ్వాలంటే పంపేవాళ్ళు రిజిస్ట్రేషన్ కింద ఇంకో ఐదు రూపాయలు, దానిమీద జీఎస్టీ కట్టాలి. అలా కట్టారని మీరెక్కడా రాయలేదు. కవరు మీదున్న నంబరు ఇంట్లోనే అతను కవరిచ్చాడు. నాకొచ్చే ఉత్తరాలన్నీ ఇలాంటివాళ్ళే తెచ్చిస్తారు, మీదీ అలాగే వచ్చింది. అందుకని కాస్త వాళ్ళ పక్షమే మాట్లాడుతున్నాననుకుంటే అనుకోండి.

ఇక నన్ను ఆపేసింది ఆ పసుపు మరక. తెరిచి చూసేవాళ్ళు పసుపు చేతులతో తెరుస్తారా? వంటింట్లో ఏదో తాలింపు పెడుతూ పోస్టుమ్యాన్ పిలుపు వినిపించి పరుగెత్తుకొచ్చి ఉంటుంది మీ వదిన. చెయ్యి తుడుచుకునే తీరిక లేదు. మాట్లాడని మరిది పేరు చూసి ‘మాకు తెలియదు, తీసుకుపో’ అనుంటే ఆమెకు పోయేదేమీ లేదు, కవరు వెనక్కి పోయి మీరు బ్యాంకు చుట్టూ తిరిగేవారు. ఆమె సంతకం పెట్టి, జాగ్రత్తగా పిల్లాడితో పంపింది. మీరేమో వాడి చేతిలోంచి తీసుకోలేదు! ఆ పిల్లాడు చిన్నాయన ముఖం చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో మీరు రాయలేదు. నాకు అదే కావాలి.

మీకు కోపం పోస్టుమ్యాన్ మీద కాదు. అన్న మీద. అన్నను అనలేక, తిరిగి అనలేనివాణ్ణి పట్టుకుని వీధిలో అన్నారు. బయట మనిషి మీ ఇద్దర్నీ ఇంకా ఒక ఇల్లే అనుకుంటున్నాడు చూడండి, మీకు గుచ్చుకున్న మాట అదే.

ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి వెళ్ళే ఉంటారు. బీబీ నాంచారమ్మను చేసుకున్న వెంకన్న మా అల్లుడేనంటూ ముస్లింలు టెంకాయలు పట్టుకుని వరుసలో నిలబడేది మీ ఊళ్ళోనే. ఎప్పటి చుట్టరికాన్నో అంత అపురూపంగా చూసుకునే ఊళ్ళో ఉంటూ, ఒక తల్లి కడుపున పుట్టినవాడితో మూడడుగుల సందు కోసం ఆరేళ్ళు! ఒకే తండ్రికి, ఒకే తిథినాడు, గోడకు అటొక ఆకు ఇటొక ఆకు వేస్తున్నారు. ఆయన ఏ వైపు కూర్చోవాలి?

ముందు నేనెందుకు పోవాలంటారు. మీరు చిన్నవారు కాబట్టి. తమ్ముడు అన్న గడప తొక్కడంలో చిన్నతనమేముంది? ఆత్మగౌరవం నాకూ ముఖ్యమే, పైవాళ్ళ ముందు వంగమని ఎవరికీ చెప్పను. కానీ రక్తసంబంధంలో ముందు పలకరించినవాణ్ణి ఓడిపోయాడని మన వైపు ఎవరూ అనరు. సందు సంగతి తర్వాత చూసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు.

పోనీ, వేరే నంబరే కావాలంటారా? పంపకాల కాగితం రిజిస్టరు చేయించి కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్ట్రారు ఆఫీసులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి సంతకాలు, వేలిముద్రలు వెయ్యాలి. అంటే విడిపోవడానికైనా మాట్లాడుకోక తప్పదు.

పోస్టుమ్యాన్‌కు ఎదురెళ్ళి ఒక్కమాట చెప్పండి, ‘ఆ రోజు తొందరపడ్డానబ్బా’ అని. వంద రూపాయలు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ మాట మాత్రం అదే వీధిలో, నలుగురూ ఉన్నప్పుడే చెప్పాలి.

ఫిర్యాదు రాసి పెట్టుకున్నానన్నారు కదా, చింపకండి. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. ఈసారి తద్దినానికి ఏమేం సరుకులు తేవాలో మీ వదిననడిగి దానిమీద రాసుకోండి.