కాబోయే కోడలి సందర్శక వీసా గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో కాబోయే కోడలికి వీసా నిరాకరించారని, మూడు నిమిషాలైనా మాట్లాడకుండా కాగితం చేతిలో పెట్టి పంపేశారని నువ్వు రాసినది చదివాను. నీ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ కోపంలోనే వెంటనే మళ్లీ దరఖాస్తు చేయిస్తానంటున్నావు. అది మాత్రం వద్దు. పరిస్థితిలో ఏ మార్పూ లేకుండా వెళితే మళ్లీ అదే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. రుసుము 185 డాలర్లు మళ్లీ కట్టాలి, వీసా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు.

ఆ కాగితంలో ఉన్న 214(బి) సంగతి ముందు అర్థం చేసుకో. 1952 నాటి వలస చట్టంలోని ఆ సెక్షను ప్రకారం, సందర్శక వీసా అడిగే మనిషి అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నాడని అధికారి మొదటే భావించాలి. కాదని నిరూపించుకునే భారమంతా అడిగిన వారిదే. అందువల్ల మీ ఇద్దరి అనుబంధం ఎంత గట్టిదో నువ్వు ఎంత చక్కగా వివరిస్తే, ఆ అమ్మాయి వెనక్కి రాదేమోనన్న అనుమానం అంత బలపడుతుంది. నాలుగు పేజీల ఆహ్వాన లేఖ, నీ జీతం చీటీలు, ఇంటి పత్రాలు పంపించానన్నావు. అవి నీ స్తోమతకు సాక్ష్యాలు. ఆమె తిరిగి రావడానికి కారణాలు అందులో ఒక్కటీ లేవు. ఆహ్వాన లేఖ అసలు తప్పనిసరే కాదు.

వచ్చేసారి దరఖాస్తు ఆమె జీవితం మీద నిలబడాలి. కళాశాలలో ఉద్యోగం ఖాయమయ్యాక, సెలవు మంజూరైన ఉత్తర్వు చేతికి వచ్చాక వెళ్లమను. సెలవు మూడు వారాలైతే ఫారంలోనూ మూడు వారాలే రాయాలి. టికెట్టుకు అంత ఖర్చు పెడుతున్నాం కదా అని మనవాళ్లు ఆరు నెలలని రాస్తుంటారు. పాఠాలు చెప్పే మనిషి ఆరు నెలలు ఎలా వస్తుందని అధికారికి అనుమానం రాదా? విమానం ఖర్చు ఆమే పెట్టుకోగలిగితే మంచిది, నువ్వే పెడుతున్నట్లయితే ఆ మాటే రాయాలి. ఇంటర్వ్యూలో కాగితాలు చూడకపోవచ్చు కాబట్టి, ఎందుకు వెళుతున్నది, ఎన్నాళ్లకు, తిరిగి వచ్చి ఏం చేస్తుంది అన్న మూడు సంగతులు రెండేసి వాక్యాల్లో స్పష్టంగా చెప్పగలగాలి. ఇంగ్లీషులో తడబడుతుందనుకుంటే తెలుగులోనే మాట్లాడవచ్చు, హైదరాబాదులో ఆ వెసులుబాటు ఉంది. చెన్నైలో జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న అమెరికా కాన్సులేటు ముందు వరుసలో నిలబడిన మా తరానికి అది కూడా గొప్పగానే కనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఏజెంటు చెప్పిన మాట. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో, అమెరికాలో దగ్గరి బంధువులున్నారా అన్న ప్రశ్నకు లేరని రాసి, నిన్ను కుటుంబ స్నేహితుడిగా చూపమన్నాడట. ఆ ప్రశ్నలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులతో పాటు పెళ్లి నిశ్చయమైన వ్యక్తి కూడా వస్తాడు. తాంబూలాలు మార్చుకున్న తరువాత లేరని రాయడం పచ్చి అబద్ధం. 214(బి) నిరాకరణ ఎన్నిసార్లు వచ్చినా మళ్లీ అడగవచ్చు, అబద్ధం చెప్పి వీసా కోరినట్టు తేలితే మాత్రం జీవితకాల నిషేధం పడవచ్చు, రేపు నీ భార్యగా శాశ్వత వీసా అడిగిన రోజునా అదే అడ్డం వస్తుంది. మొన్నటి నిరాకరణను కూడా దాచకూడదు. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేస్తానని మీ అమ్మ మొక్కుకుందట, నేను కాదనను. ఫారంలో రాసిన అబద్ధాన్ని మాత్రం ఏ ప్రదక్షిణా దిద్దలేదు.

సందర్శక వీసా మీద వచ్చాక అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోవచ్చని నీ స్నేహితులు చెబుతున్నారే, ఆ ఉద్దేశంతో బయలుదేరడం కూడా అధికారిని మోసగించడమే అవుతుంది. ఉండిపోవాలనే అనుకుంటే నువ్వు అమెరికా పౌరుడివి కాబట్టి, పెళ్లి నిశ్చయమైన వారికిచ్చే కే-1 వీసా ఉంది. వచ్చిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి. లేదా ఇక్కడే పెళ్లి చేసుకుని, భార్యను శాశ్వతంగా తీసుకువెళ్లడానికి నువ్వు పెట్టుకోవలసిన ఐ-130 అర్జీ వేయవచ్చు. అయితే వీటిలో ఏది వేసినా ఆ తరువాత సందర్శక వీసా దొరకడం మరింత కష్టమవుతుంది కనుక, చూసి రావడమా, స్థిరపడటమా అన్నది మీరిద్దరూ ముందే తేల్చుకోవాలి.

అప్పీలు చేస్తానన్నావు. 214(బి) నిరాకరణకు అప్పీలు లేదు. అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు సభ్యుడి కార్యాలయం విచారణ లేఖ రాయగలదు గానీ నిర్ణయాన్ని మార్చలేదు. పౌరుడి భార్యకో భర్తకో వీసా ఇచ్చి తీరాలన్న ప్రాథమిక హక్కు ఆ పౌరుడికి లేదని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. లాయరుకు డబ్బు కట్టే ముందు ఇది గుర్తుంచుకో.

ఈలోగా నువ్వే రా. విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు నీకు ఉంది, వీసా బెడద లేదు. కే-1 కోసం దరఖాస్తు వేయాలంటే అంతకు ముందు రెండేళ్లలో మీరిద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలన్న నియమం ఉంది కాబట్టి, బోర్డింగు పాసులు, ఫోటోలు తేదీలతో సహా భద్రపరచు. ఆమె ఫారం నింపాక, సమర్పించే ముందు నాకొకసారి పంపించండి. పాసుపోర్టు మీద వీసా ముద్ర పడి చేతికి వచ్చేదాకా టికెట్టు కొనవద్దు.

ఇట్లు
మీ పెదనాన్న