వీలునామా రాయించాలా, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేయాలా?

నాన్నగారికి 74 ఏళ్ళు, ఊళ్ళో ఇల్లు, రెండెకరాల పొలం, అన్నయ్య అమెరికాలో, మీరూ అక్కా ఇక్కడ అని రాశారు. "ఎలాగూ మనకే కదా, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేయిస్తే తర్వాత గొడవ ఉండదు" అని అన్నయ్య అంటున్నారట. నన్నడిగితే వీలునామానే రాయించండి. గిఫ్ట్ డీడ్ జోలికి ఇప్పుడు పోవద్దు.

గిఫ్ట్ అన్నా సెటిల్‌మెంట్ అన్నా, రిజిస్ట్రేషన్ అయితే ఆస్తి ఆయన చేయి దాటిపోయినట్టే. రేపు డబ్బు అవసరం పడినా, మనసు విరిగినా వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది, పిల్లలు చూసుకోకపోతే డీడ్ రద్దు చేయమని అడగొచ్చు. కానీ చూసుకోవాలన్న షరతు మీదే ఇచ్చామని చూపించుకోవాలి. ఆ వయసులో కన్నపిల్లల మీద అర్జీ పట్టుకుని ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగే ఖర్మ ఎందుకండీ? వీలునామా అయితే ఆయన ఉన్నంతకాలం ఆస్తి ఆయనదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ కూడా లేదు.

అన్నిటికంటే ముఖ్యం అమ్మగారి సంగతి. మీ ప్రశ్నలో ఆవిడ ఊసే లేదు. మా నాన్నగారి వీలునామాకి దస్తావేజు లేఖరి తెచ్చిన డ్రాఫ్టులో మామూలుగా అందరికీ రాసే వాక్యమే ఉంది: "నా భార్య జీవితాంతం ఇల్లు అనుభవించి, తదనంతరం నా కుమారులకు సర్వహక్కులతో చెందవలెను." నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "అంటే రేపు దీనికి మోకాలి ఆపరేషన్ కావాలంటే, ఇల్లు అమ్మడానికి కొడుకుల సంతకాలు అడుక్కోవాలా?" అన్నారు. లేఖరి "అందరూ ఇలాగే రాయిస్తారండీ" అని నసిగాడు. నాన్నగారు ఆ ముక్క పెన్నుతో కొట్టేసి ఇల్లు అమ్మ పేర పూర్తి హక్కులతో రాయించారు, మాకు పొలం పెట్టారు. పరిమిత హక్కు ఇచ్చి వదిలేస్తే ఎంత దూరం పోతుందో 1977లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన తులశమ్మ కేసు (భర్త పోయినావిడకి పోషణ కింద పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తి మీద గొడవ) చూస్తే తెలుస్తుంది, అది మన ఆంధ్ర నుంచి వెళ్ళిందే.

మా చెల్లికి పెళ్ళప్పుడే స్థలం ఇచ్చారు కాబట్టి పొలంలో వాటా పెట్టలేదు. కాకపోతే ఆ కారణం వీలునామాలోనే రాయించారు. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక్క ముక్క రాయించడం మంచిది, లేకపోతే ఎవరో పక్కన కూర్చుని రాయించారన్న అనుమానం పుడుతుంది.

సాక్షులు ఇద్దరు ఉండాలి, ఇద్దరూ ఆయన సంతకం చేయడం చూసి ఉండాలి. వాటా వచ్చేవాళ్ళని పెట్టకండి. ఆయన ఈడు స్నేహితులు కాకుండా వయసులో చిన్నవాళ్ళయితే నయం, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్ళే. మాకు ఒక సాక్షి నాన్నగారిని చూసే డాక్టరు గారే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. లేవలేని స్థితి అయితే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికి కూడా వస్తారు. రాసిన మనిషి బతికుండగా ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు కాబట్టి ఇంట్లో టెన్షన్లు కూడా ఉండవు.

బ్యాంకులో నామినీ పెట్టాం కదా అని ఊరుకోకండి. నామినీ డబ్బు తీసుకుంటాడు, అంతమాత్రాన సొంతదారు అయిపోడు. ఎఫ్‌డీలు ఎవరికి చెందాలో వీలునామాలో విడిగా రాయించాలి.

ఇక ఆ రెండెకరాలు నాన్నగారు కొన్నవా, పెద్దల నుంచి వచ్చినవా? ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే ఆయన తన వాటా వరకే రాయగలరు. అందులో మీకూ అన్నయ్యకూ ఉన్నట్టే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం అక్కకీ పుట్టుకతో వచ్చిన వాటా ఉంటుంది. అందుకే లాయర్ దగ్గరకి వెళ్ళేముందు పొలం లింకు డాక్యుమెంట్లు (అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు), పాత పంపకాల కాగితాలు ఏమున్నాయో బయటికి తీయండి.