సమాధానం: ఆ ముసుగు కుర్రాడు బకీ కాదండి

మీ పాత కామిక్‌లో హల్క్ కనిపించే కథలోనే బకీ (సూపర్‌హీరో కెప్టెన్ అమెరికా పక్కన పోరాడిన కుర్రాడు) కూడా ఉన్నాడనీ, రెండో ప్రపంచ యుద్ధంలోనే పోయినవాడు మళ్లీ ఎలా వచ్చాడనీ అడిగారు. అతను బకీ కాదు, రిక్ జోన్స్. అట్ట మీద 110 అనే నంబర్ ఉందేమో చూడండి. 1969లో వచ్చిన 'కెప్టెన్ అమెరికా' సంచిక అది, బొమ్మలు జిమ్ స్టెరాంకోవి.

రిక్‌కి శక్తులేమీ లేవు. 1962లో హల్క్ మొదటి సంచికలో పందెం కోసం గామా బాంబు పరీక్ష స్థలంలోకి కారేసుకుని వెళ్లిన కుర్రాడు ఇతనే. అతన్ని కాపాడబోయే శాస్త్రవేత్త బ్రూస్ బ్యానర్ హల్క్ అయ్యాడు. అంత అపరాధభావం మోస్తున్నవాడికి, ఎవెంజర్స్ అనే సూపర్‌హీరోల జట్టు భవనంలో బకీ దుస్తులు కంటపడ్డాయి. నీలం చొక్కా, ఎర్ర గ్లవ్స్, కళ్లకు గంతలాంటి చిన్న ముసుగు. తొడిగేసుకున్నాడు. చూడగానే కెప్టెన్ అమెరికాకి ఒళ్లు మండింది. మండదా మరి! చనిపోయిన పిల్లాడి బట్టలవి. తర్వాత మెత్తబడి, పక్కన ఉండనిచ్చాడు.

నా మటుకు నాకు రిక్ అంటేనే ఎక్కువ ఇష్టం, దెబ్బ తగిలితే నిజంగా నొప్పి పుట్టేది అతనికే కాబట్టి.

ఈ వేషం ఎక్కువ రోజులు సాగలేదు. అదే ఏడాది 'కెప్టెన్ మార్వెల్' 17వ సంచికకి వచ్చేసరికి రిక్ చేతులకి నెగా బ్యాండ్లనే మహిమగల కడియాలు వచ్చాయి. రెండు మణికట్లూ ఠప్పున కొట్టుకుంటే ఇతను మాయం, ఇతని చోట కెప్టెన్ మార్వెల్ అనే మరో సూపర్‌హీరో ప్రత్యక్షం. మీ దగ్గర ఆ సంచిక కూడా ఉంటే 110 తర్వాత చదవండి.