బతికున్న డిస్కు గురించి రాయి

తమ్ముడూ,

సొలారిస్ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో, ఒకే డేటాని రెండు డిస్కుల మీదా ఉంచే మిర్రర్‌లో పాడైపోయిన డిస్కు మార్చడం మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. కమాండ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా దాన్ని ముందు పెట్టుకుని ఎవరైనా నిజంగా డిస్కు మారుస్తారంటే నాకు గుబులుగానే ఉంది.

నీ వ్యాసమంతా పోయిన డిస్కు చుట్టూనే తిరుగుతోంది. పోయిందేదో పోయింది, దానికి కొత్తగా జరిగే నష్టమేమీ లేదు. రెండోది ఉంది చూడు, డేటాకి ఇప్పుడు మిగిలిన ఏకైక ప్రతి అదే. పాఠకుడు కొట్టే ప్రతి కమాండూ దానికి తగిలీ తగలనట్టు పక్కనుంచే వెళ్తుంది. అందుకని ప్రతి అడుగు దగ్గరా ఒకటే అడుక్కో: ఇక్కడ చెయ్యి జారితే మంచి డిస్కు ఏమవుతుంది? ఏమీ కాదంటే ఒక్క వాక్యంలో దాటెయ్. అవుతుందంటే అక్కడ ఆగి వివరంగా రాయి.

ఆ లెక్కన నీ మొదటి పేరా ఎగిరిపోతుంది. 1988లో బర్కిలీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ (చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పత్రం తేవడం, మిర్రరింగ్‌కి అందులో మొదటి లెవెల్ ఇవ్వడం నాకూ ఇష్టమైన సంగతులే. కానీ నీ పాఠకుడెవరు? హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో కూర్చున్న కుర్రాడు. సర్వర్ ఇంకో దేశంలో ఉంటుంది. డిస్కు లాగేది అక్కడి డేటా సెంటర్ టెక్నీషియన్, అదీ ఫోన్లో విని. ఈ హడావిడిలో చరిత్ర ఎవరిక్కావాలి?

"సరైన డిస్కును గుర్తించి తొలగించవలెను" అన్నావు. వంటల పుస్తకంలో "తగినంత ఉప్పు" లాంటి వాక్యమిది. ఎలా గుర్తించాలో చెప్పవేం? మిర్రర్ల స్థితి చూపించే మెటాస్టాట్ కొడితే "నీడ్స్ మెయింటెనెన్స్" అని ఏ స్లైసు (డిస్కులో ఒక భాగం) దగ్గరుందో కనిపిస్తుంది. ఐఓస్టాట్ కమాండ్‌కి ఆప్షన్లుగా పెద్ద ఈ, చిన్న ఎన్ ఇస్తే ఎర్రర్ల లెక్కతో పాటు సీరియల్ నంబర్ వస్తుంది. సీఎఫ్‌జీ అడ్మ్ కమాండ్‌తో అన్‌కాన్ఫిగర్ చేశాక (సిస్టమ్ నుంచి విడదీశాక) సన్ ఫైర్ వీ240 లాంటి మెషీన్లో ఆ డిస్కు దగ్గర నీలం లైటు వెలుగుతుంది, తియ్యొచ్చని. ఈ మూడూ ఒకే డిస్కుని చూపిస్తేనే ఫోన్లో "లాగండి" అనాలి. డిస్కు పూర్తిగా చచ్చిపోయి సీరియల్ నంబర్ కూడా ఇవ్వకపోతే, మంచిదాని నంబర్ తీసి "ఇది మాత్రం ముట్టుకోకండి" అని చెప్పించు. ఎడమ నుంచి రెండోది, కింది నుంచి మొదటిది అనే మాటలు నీ వ్యాసంలో ఎక్కడా కనపడకూడదు.

నువ్వు ఒక్క లైనులో తేల్చేసిన మెటాడీబీకి అన్నిటికంటే ఎక్కువ చోటివ్వాలి. మిర్రర్లని నడిపే సొలారిస్ వాల్యూమ్ మేనేజర్ తన స్థితినంతా స్టేట్ డేటాబేస్ రెప్లికాల్లో (ఆ సమాచారపు నకళ్లలో) రాసుకుంటుంది. వాటిని చూసేదీ తీసేదీ మెటాడీబీ కమాండే. రెండే డిస్కులున్న సర్వర్‌లో మామూలుగా చెరో మూడు పెడతారు. ఒక డిస్కు పోతే ఆరింట్లో మూడు మిగులుతాయి, అంటే సరిగ్గా సగం. నడుస్తున్న మెషీన్‌కి సగం చాలు, ఆగదు. కానీ బూటై మల్టీయూజర్‌కి (అందరూ వాడే మామూలు స్థితికి) రావాలంటే మామూలు అమరికలో సగం కంటే ఒకటైనా ఎక్కువుండాలి. ఈ లెక్క తెలియనివాడు "అంతా నడుస్తూనే ఉందిగా, ఒకసారి రీబూట్ చేసి చూద్దాం" అంటాడు. మెషీన్ సింగిల్ యూజర్‌లో (రిపేరు కోసం అడ్మిన్ ఒక్కడికే తెరిచే స్థితిలో) ఆగిపోయి రెప్లికాలు చాలవంటుంది. డిస్కులో డేటా భద్రంగానే ఉంది, సర్వీసు మాత్రం పడిపోయింది. అందుకే పాడైన రెప్లికాల్ని మెటాడీబీ మైనస్ డీతో ముందే తీసెయ్యాలి. ఏవి పాడయ్యాయో మెటాడీబీ చూపించే ఫ్లాగుల (గుర్తు అక్షరాల) వరుసే చెబుతుంది. చిన్న అక్షరాలైతే ఫరవాలేదు, పెద్ద అక్షరం డబ్ల్యూ కనిపిస్తే అక్కడ రాయడంలో ఎర్రర్ వచ్చినట్టు. ఆ అవుట్‌పుట్ వ్యాసంలో ఉన్నదున్నట్టుగా పెట్టు.

ఇక పార్టిషన్ పట్టిక, అంటే డిస్కుని స్లైసులుగా పంచిన లెక్క. పీఆర్‌టీ వీటాక్ కమాండ్‌తో మంచి డిస్కు పట్టిక చదివి, పైపు గుండా ఎఫ్ఎంటీ హార్డ్ కమాండ్‌కి పంపి కొత్తదాని మీద రాయించే లైను అది. రెండు డిస్కుల పేర్లకీ తేడా ఒక్క అంకె. తారుమారైతే కొత్త డిస్కు పట్టిక వెళ్లి మంచిదాని మీద కూర్చుంటుంది. నువ్వేమో టీ0 మంచిది, టీ1 పోయింది అనుకుని నీ మెషీన్ పేర్లే ఉదాహరణలో పెట్టావు. చదివేవాడి దగ్గర పోయింది టీ0 అయితే? జనం కాపీ చేసి పేస్ట్ చేస్తారు, కాదనకు. అసలు పేర్ల బదులు "మంచి_డిస్కు", "కొత్త_డిస్కు" అని రాస్తే, మార్చకుండా పేస్ట్ చేసినా కమాండ్ ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. కొత్త డిస్కు సైజు సంగతీ చెప్పు: లేబుల్ మీద రెండిటికీ 73 జీబీ అనే ఉన్నా, కంపెనీ మారితే బ్లాకుల లెక్క తేడా రావచ్చు. తక్కువైతే చివరి స్లైసు పట్టదు.

కొత్త డిస్కుని మిర్రర్‌లో చేర్చే మెటారీప్లేస్ భాగం బాగా రాశావు, ముట్టుకోకు. కొత్త డిస్కులో రెప్లికాలు మళ్లీ పెట్టాలన్నది, రూట్ (సిస్టమ్ బూటయ్యే) మిర్రరైతే ఇన్‌స్టాల్‌బూట్‌తో దాని మీద బూట్ కోడ్ రాయాలన్నది మాత్రం కలుపు. ఇన్‌స్టాల్‌బూట్ మర్చిపోతే ఆరోజు ఎవరికీ తెలియదు. ఎప్పుడో మంచి డిస్కు కూడా పోయి, దీన్నుంచి బూట్ చెయ్యాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. రీసింక్ (మంచి డిస్కు నుంచి కొత్తదానికి కాపీ) ఎంతసేపు పడుతుందో అంకె వెయ్యకు, మెటాస్టాట్‌లో శాతం చూసుకోమను. ఆ శాతం వందకి చేరేదాకా మంచి డిస్కు మీద మామూలు పనికి తోడు కాపీ భారం కూడా ఉంటుంది కాబట్టి, పెద్ద బ్యాచ్ జాబులుంటే ఆపమను.

జెడ్‌ఎఫ్‌ఎస్ (మిర్రరింగ్ తనే చేసుకునే ఇంకో ఫైల్ సిస్టమ్) గురించి చివర్లో నాలుగు ముక్కలు రాశావు. అది వేరే వ్యాసం చెయ్. ఉంచి తీరాలంటే, పాడైన డిస్కుని డిటాచ్ చేసిన పూల్‌కి (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల కూటమికి) కొత్త డిస్కుని అటాచ్ చెయ్యాలి గానీ యాడ్ చెయ్యకూడదని రాయి. డేటా పూల్‌లో ఒంటరి డిస్కు పక్కన యాడ్ కొడితే నోరెత్తకుండా స్ట్రైప్ చేసేస్తుంది, అంటే డేటాని రెండో ప్రతి లేకుండా రెండిటికీ పంచేస్తుంది. మిర్రర్ అనుకున్నది మిర్రర్ కాదు.

భాష గురించి ఒక్క మాట. "వలెను"లు తీసెయ్, "కొట్టండి", "ఆగండి", "చూడండి" అను. "సులభంగా" అన్న మాట ఎక్కడున్నా కొట్టెయ్. బ్యాకప్ ఉందో లేదో చూసుకోమన్న వాక్యం నీ చివరి పేరాలో ఉంది, మొదటి వాక్యం చెయ్. తప్పుగా ఆర్‌ఎమ్ కొట్టి చెరిపేసిన ఫైలు మిర్రర్ రెండు వైపులా ఒకేసారి పోతుందని కూడా అక్కడే చెప్పు.

రెండో ప్రతి నాకు పంపేముందు, సొలారిస్ ఎప్పుడూ చూడని లైనక్స్ మనిషికి ఇచ్చి చదివించు. అతను ఎక్కడెక్కడ నిన్ను ప్రశ్న అడిగాడో మార్జిన్లో గుర్తు పెట్టి పంపు.

ఉంటాను,
మీ అన్న